మధ్యాహ్నం తలకు మైక్రోనీడ్లింగ్, రాత్రికి బస్సు ప్రయాణం: ఈ ఒక్క రాత్రి గడిచేదెలా?

కొల్లేటి కొంగ — సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

ఈ మధ్యాహ్నం 2 గంటలకు తలకు మైక్రోనీడ్లింగ్ (జుట్టు పెరగడానికి సన్నటి సూదులతో గుచ్చే చికిత్స) చేయించుకున్నాను. పెన్నులాంటి యంత్రంతో చేశారు, సూది లోతు 1.5 మి.మీ. అన్నారు. ముందుగా మత్తు క్రీము రాశారు కాబట్టి అప్పుడు పెద్దగా తెలియలేదు. ఇప్పుడు మత్తు దిగిపోయింది. మాడు మీద ఎండుమిరపకాయ రుద్దినట్లుంది.

అసలు చిక్కు ఇది. పండుగకు ఊరు వెళ్ళాలి. కూకట్‌పల్లిలో 9:30కి స్లీపర్ బస్సు, తెల్లారేసరికి భీమవరం. పండుగలోపు చేయించుకుంటే తగ్గింపు ఇస్తామంటే ఆశపడ్డాను. తగ్గింపు గుర్తుంది, టికెట్టు గుర్తులేదు.

క్లినిక్కులో ఇచ్చిన చీటీలో "24 గంటలు తల తడపరాదు, ఏమీ రాయరాదు" అని అచ్చు వేసి ఉంది. అదే సంచిలో ఒక సీరం సీసా, దాని మీద పెన్నుతో "రాత్రి పడుకునే ముందు" అని రాసి ఉంది. రెండింటిలో ఏది నమ్మాలి? ఫోను చేస్తే ఎత్తడం లేదు.

బస్సులో ఇచ్చే దిండు మీద తల పెట్టవచ్చా? చలికి నాన్నగారు మంకీ క్యాప్ పెట్టుకోమని ఇప్పటికే రెండుసార్లు ఫోను చేశారు. జుట్టుకోసం రోజూ తలకు రాసే మినాక్సిడిల్ మందు ఈ రాత్రికి మానాలా? ఇక పొద్దున్నే అమ్మ కరివేపాకు వేసి కాచిన కొబ్బరినూనె గిన్నెతో గుమ్మంలోనే నిలబడుతుంది. దయచేసి ఎవరైనా త్వరగా చెప్పండి.


బెజవాడ మందులకొట్టు — సాయంత్రం 6:34

తమ్ముడూ, కంగారు పడవద్దు. ముందు నాలుగు సంగతులు చెప్పు. రక్తం ఇంకా వస్తోందా, ఆగిందా? రక్తం పలుచబడే మాత్రలు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్, షుగరుకు మందులు, ఇలాంటివి ఏమైనా వాడుతున్నావా? తల అంతా చేశారా, ముందువైపూ మాడూ మాత్రమేనా? క్లినిక్కు నుంచి ఇంటికి ఎలా వచ్చావు?


కొల్లేటి కొంగ — సాయంత్రం 6:41

రక్తం అక్కడే ఆగింది. చుక్కలు చుక్కలుగా వస్తే తుడిచారు. మందులేమీ వాడటం లేదు. నుదుటి పైభాగం, మాడు మాత్రమే చేశారు, వెనుక ముట్టుకోలేదు.

ఇంటికి బైకు మీద వచ్చాను. హెల్మెట్ పెట్టుకున్నాను. ఇప్పుడు మీరు తిడతారు.


బెజవాడ మందులకొట్టు — సాయంత్రం 6:45

తిట్టను. హెల్మెట్ లేకుండా రావడం కన్నా అదే నయం. కానీ మూడేళ్ళుగా ఉతకని హెల్మెట్ లోపలి మెత్త ఎలా ఉంటుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇకనుంచి ఈ పని చేయించుకునే రోజున ఆటోలో వెళ్ళు.

బయలుదేరే ముందు దగ్గరలోని మందులకొట్టులో మూడు వస్తువులు కొను: 100 మి.లీ. సెలైన్ సీసా, ఒక చిన్న శుభ్రమైన గాజుగుడ్డ పొట్లం, పారాసెటమాల్. నొప్పిగా ఉంటే పారాసెటమాల్ 500 ఒకటి వేసుకో. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. ఈ చికిత్సలో వాపు, ఎరుపు కొంత రావాలి. వాటిని అణిచే మాత్ర వేసుకుంటే డబ్బిచ్చి పొడిపించుకున్నది దేనికి? చాలామంది డాక్టర్లు ఆ కారణంతోనే వద్దంటారు.

టీటీ ఇంజెక్షను సంగతి మా కొట్టులో ప్రతివాళ్ళూ అడుగుతారు. శుభ్రమైన కొత్త సూదులతో చేసి, గత 10 ఏళ్ళలో టీటీ వేయించుకుని ఉంటే దాని అవసరం లేదు.


పాతకాలం మనిషి — రాత్రి 7:02

ఇన్ని మందులెందుకు నాయనా. గోరువెచ్చని ఆముదం, చిటికెడు పసుపు కలిపి పట్టించి, గుడ్డ చుట్టుకుని పడుకో. మా నాయనమ్మ పోయేనాటికి జడ మోకాళ్ళ కిందికి ఉండేది. ఏ సూదులూ ఎరగదు.


మల్లెతీగ — రాత్రి 7:09

తాతగారూ, మీ నాయనమ్మగారు తలంతా సూదులతో గుచ్చుకుని ఆపైన ఆముదం రాసుకోలేదు కదండీ. గాయంలేని తలకు రాసిన నూనె వేరు, వేలకొద్దీ కన్నాలున్న తలకు రాసేది వేరు. వంటింటి పసుపు డబ్బాలో రోజూ ఎన్ని తడిచేతులు, ఎన్ని చెంచాలు పడతాయో నాకు తెలుసు. దాన్ని ఈ రాత్రి తల మీద పెట్టించుకోవద్దు కొంగగారూ.

నా అనుభవం వివరంగా రాస్తాను, అన్నం తిని వస్తాను.


చర్మం చదువరి — రాత్రి 7:26

నేను విశాఖలో చర్మవ్యాధుల పీజీ రెండో సంవత్సరం. మీ తల చూడకుండా చెబుతున్నాను కాబట్టి దీన్ని వైద్యం అనుకోకండి. మీ క్లినిక్కు వాళ్ళు ఫోను ఎత్తితే వాళ్ళ మాటే ముందు.

ఒక్క విషయం అర్థమైతే మీ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది. మన చర్మం పైపొర ఇంటి పైకప్పు లాంటిది. బయటివి లోపలికి రాకుండా ఆపుతుంది. ఈ మధ్యాహ్నం ఆ కప్పుకు వేలకొద్దీ చిల్లులు పడ్డాయి. ప్రతి చిల్లు దగ్గరా రక్తంలోని ప్లేట్‌లెట్లు చేరి, గాయం మానడానికి కావలసిన పదార్థాలను వదులుతాయి. కుదుళ్ళకు మేలు చేస్తాయని మనం ఆశించేది వాటినే. అంటే చికిత్స మధ్యాహ్నం పూర్తి కాలేదు, ఇప్పుడు జరుగుతోంది. మీరు చేయవలసింది దానికి అడ్డు రాకపోవడం.

ఈ చిల్లులు ఎంతసేపట్లో మూసుకుంటాయనేది చాలామందికి తెలియదు. ఎలుకల చర్మం మీద చేసిన ఒక పరిశోధనలో, గాలి తగిలేలా వదిలేస్తే సుమారు 15 గంటల్లో మూసుకున్నాయి. పైన గాలి ఆడకుండా కప్పి ఉంచితే 72 గంటలదాకా తెరిచే ఉన్నాయి. మనిషి తల ఎలుక చర్మం కాదు, లెక్క అచ్చంగా అదే ఉండదు. కానీ దారి తెలుస్తోంది: కప్పితే ఆలస్యం, వదిలేస్తే త్వరగా. మంకీ క్యాప్ ఎందుకు వద్దో, నూనె పట్టించి గుడ్డ ఎందుకు చుట్టకూడదో ఇందులోనే ఉంది. పైగా ఉన్ని పీచు, చెమట అదనం.

సీరం సీసా మీద ఏమేమి కలిపారో రాసి ఉంటుంది. చూసి చెప్పండి.


కొల్లేటి కొంగ — రాత్రి 7:38

చిన్న అక్షరాలు, ఫోనులో పెద్దవి చేసుకుని చదివాను. ఏవో పెప్టైడ్లు, బయోటిన్, విటమిన్ సి, రోజ్‌మేరీ నూనె, చివర్లో "సువాసన" అని ఉంది.


చర్మం చదువరి — రాత్రి 7:47

అయితే ఈ రాత్రికి మూత తీయవద్దు. సువాసన, రోజ్‌మేరీ నూనె రెండూ మామూలు చర్మానికే కొందరిలో పడనివి. 2014లో అమెరికా చర్మవైద్య పత్రిక ఒకటి ముగ్గురు మహిళల కేసులు ప్రచురించింది. ముఖానికి మైక్రోనీడ్లింగ్ చేయించుకున్నప్పుడు పైన పూసినవి లోపలికి దిగి, చర్మంలో గట్టి గడ్డలు కట్టాయి. వారిలో ఇద్దరి విషయంలో అనుమానం వెళ్ళింది విటమిన్ సి సీరం మీదికే. చర్మం పైన రాసుకోవడానికి తయారైన వస్తువు చర్మం లోపలికి వెళ్ళడానికి తయారైనది కాదు.

మినాక్సిడిల్ కూడా రేపు సాయంత్రందాకా వద్దు. ఈ చికిత్సకు పేరు తెచ్చింది 2013లో ముంబయిలో జరిగిన అధ్యయనం: 100 మంది పురుషులు, 12 వారాలు. సగం మందికి మినాక్సిడిల్ ఒక్కటే, మిగతా సగానికి దానితోపాటు వారానికోసారి 1.5 మి.మీ. సూదుల రోలర్. గుర్తుపెట్టిన చిన్న భాగంలో సగటున పెరిగిన వెంట్రుకలు మొదటి జట్టుకు 22, రెండో జట్టుకు 91. ఇక్కడ అందరూ ఆ 91 గురించే మాట్లాడతారు. రోలర్ వాడిన జట్టువాళ్ళు ఆ రోజు మినాక్సిడిల్ మానేసి, 24 గంటల తర్వాతే మళ్ళీ మొదలుపెట్టారన్న సంగతి ఎవరూ చెప్పరు. అంత ఫలితం వచ్చింది ఆ రాత్రి ఏమీ రాయకుండానే.


పల్చని పాపిడి — రాత్రి 8:05

ఆ 24 గంటల మాట వినని మనిషిని నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఈ తమ్ముడికి పనికొస్తుందని రాస్తున్నాను.

నిరుడు శ్రావణంలో. కన్నాలు తెరిచి ఉన్నప్పుడే మందు బాగా దిగుతుందని ఏదో వీడియోలో చూశాను. నాకది ఎంతో సబబుగా తోచింది. క్లినిక్కు నుంచి వచ్చి, రాత్రి 10 గంటలకు మినాక్సిడిల్ 5 శాతం పట్టించాను. 1 మి.లీ. చాలదనుకుని రెండు. పదిన్నరకు మంట మొదలైంది, పనిచేస్తోందని సంతోషించాను. పన్నెండు దాటాక మెలకువ వచ్చింది. దిండుకు చెవి ఆనిస్తే దిండులోంచి గుండె చప్పుడు వినిపిస్తోంది. లేచి నిలబడితే కళ్ళు తిరిగి బీరువా పట్టుకున్నాను. బీరువా తలుపు చప్పుడుకు మా ఆవిడ లేచింది.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. నాడి 124. ఏమి తిన్నారు, ఏమి తాగారు, ఏ మాత్రలు వేసుకున్నారు అని డ్యూటీ డాక్టరు అడుగుతుంటే అన్నిటికీ ఏమీ లేదనే చెప్పాను. తలకు రాసింది మందు లెక్కలోకి వస్తుందని ఆ క్షణాన తోచలేదు. మా ఆవిడే గుర్తుచేసి చెప్పింది. తెల్లవారేదాకా పడుకోబెట్టి పంపించారు.


చర్మం చదువరి — రాత్రి 8:14

మీరు ఈ సంగతి రాసినందుకు ధన్యవాదాలు. చదువుతున్నవారికి లెక్క చెబుతాను. మినాక్సిడిల్ మొదట బి.పి. మాత్రగా వచ్చింది, 1979లో. మాత్ర వేసుకున్నవారికి ఒళ్ళంతా వెంట్రుకలు రావడం చూసి, 1988లో తలకు రాసే మందుగా తెచ్చారు. 5 శాతం మందు 1 మి.లీ.లో 50 మి.గ్రా. ఉంటుంది. బాగున్న చర్మం గుండా రక్తంలోకి వెళ్ళేది సుమారు 1.4 శాతం, అంటే 1 మి.గ్రా. కూడా ఉండదు. బి.పి.కి ఇచ్చే మాత్ర మోతాదు సాధారణంగా రోజుకు 10 నుంచి 40 మి.గ్రా. చిల్లులు పడిన తలకు 100 మి.గ్రా. పట్టిస్తే అందులో ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరూ చెప్పలేరు. మీ గుండె చెప్పింది.


మల్లెతీగ — రాత్రి 8:22

అన్నం తినడం అయింది, గిన్నెలు కూడా కడిగాను. కొంగగారు బయలుదేరేలోపు ముగిస్తాను.

నాకు పాపిడి వెడల్పవుతోందని చేయించుకున్నాను, మొత్తం ఆరుసార్లు. మొదటిసారి ఎవరూ ఏమీ చెప్పలేదు. అలవాటు కొద్దీ జుట్టు బిగించి జడ వేసుకుని, రోజూ వాడే దిండు మీదే పడుకున్నాను. సూదిపోట్ల నుంచి మొదటి కొన్ని గంటలు పలుచటి రసి ఊరుతుంది. కంటికి కనబడదు, వేలితో తాకితే జిగటగా తెలుస్తుంది. అది రాత్రంతా దిండుకు అంటి ఎండిపోయింది. పొద్దున తల ఎత్తితే దిండు కూడా లేచింది! నిద్రమత్తులో లాగేశాను. కట్టిన పక్కులు ఊడి మళ్ళీ రక్తం. పక్కుతోపాటు గుప్పెడు వెంట్రుకలు. ఆ రోజు ఏడ్చాను.

రెండోసారి నుంచి నా పద్ధతి ఇది. పాత నూలు పంచె ముక్క ఒకటి ప్రత్యేకంగా పెట్టుకున్నాను. వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి ఒక సంచిలో పెడతాను. గంజి పెట్టను. కొత్త గుడ్డ కన్నా పాతదే మేలు, మెత్తగా ఉంటుంది, పీచు రాలదు. దిండు మీద అది వదులుగా పరుచుకుంటాను. బిగించి కట్టుకుంటే మడతల దగ్గర అంటుకుంటుంది. జుట్టు వదులుగా ఒక పక్కకు. పూలు పెట్టుకోను. ఆ మాటకొస్తే సాంబ్రాణి పొగ కూడా ఆ మూడు రోజులు దగ్గరికి రానివ్వను, కానీ అది నా చాదస్తం కావచ్చు.

పొద్దున గుడ్డ అంటుకున్నట్లు అనిపిస్తే లాగకూడదు. దానిమీద నాలుగు చుక్కలు సెలైన్ వేసి రెండు నిమిషాలు ఆగితే దానంతటదే వదిలేస్తుంది. బెజవాడ అన్నయ్యగారు సెలైన్ కొనమన్నది ఇందుకే.


బెజవాడ మందులకొట్టు — రాత్రి 8:26

అమ్మా, నేను ఇంత వివరంగా చెప్పలేకపోయేవాణ్ణి. తమ్ముడూ, బస్సు కుళాయి నీళ్ళు, ధాబా నీళ్ళు తలకు తగలనీయవద్దు. సెలైన్ సీసా ఒకసారి తెరిస్తే మర్నాటికి పారేయి.


చర్మం చదువరి — రాత్రి 8:31

వెనుకవైపు చేయలేదన్నారు కదా, అది మీ అదృష్టం. మగవారిలో వెనుక జుట్టు సాధారణంగా పలచబడదు కాబట్టి అక్కడ చేయరు. వెల్లకిలా పడుకుంటే దిండుకు ఆనేది ఆ వెనుక భాగమే. శుభ్రమైన తువ్వాలును చుట్టలా చుట్టి మెడ కింద పెట్టుకోండి. గడ్డం కొంచెం పైకి ఉండేలా చూసుకుంటే మాడుకు, దిండుకు మధ్య ఖాళీ ఉంటుంది. పక్కకు ఒత్తిగిలితే కణత, దాని పైభాగం ఆనుతాయి. బోర్లా పడుకోవడం కుదరదు, నుదురు నలుగుతుంది.

ఏసీ గాలి తల మీదికి నేరుగా కొట్టకుండా ఆ మూత పక్కకు తిప్పండి. బస్సువాళ్ళు ఇచ్చే దుప్పటి నడుముదాకానే. ముసుగుతన్ని పడుకోవద్దు.


కొల్లేటి కొంగ — రాత్రి 8:40

అన్నీ రాసుకున్నాను. పంచె హైదరాబాదులో ఎక్కడిది? ఇస్త్రీ చేసి ఉన్న తెల్ల నూలు లుంగీ దొరికింది, పెట్టుకున్నాను. సెలైన్ దారిలో కొంటాను. నాన్నగారికి మంకీ క్యాప్ పెట్టుకున్నానని అబద్ధం చెప్పాను.


రోలర్ రాజు — రాత్రి 9:15

ఇంత హడావుడి దేనికో అర్థం కాదు. నేను ఇంట్లో 0.5 మి.మీ. రోలర్‌తో ఏడాదిగా చేసుకుంటున్నాను. వేడినీళ్ళలో కడుగుతాను, అప్పుడప్పుడూ తమ్ముడూ వాడతాడు. చేసుకుని అలాగే పడుకుంటాను. ఇంతవరకూ ఏమీ కాలేదు.


చర్మం చదువరి — రాత్రి 9:22

రాజుగారూ, మిగతావాటి మీద వాదించను. తమ్ముడితో పంచుకోవడం మాత్రం ఈ రోజే ఆపండి. రక్తం చూసిన సూది రక్తం చూసిన సూదే, సొంత తమ్ముడైనా. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఇలాగే పాకుతాయి. అమెరికాలోని న్యూమెక్సికోలో అనుమతుల్లేని ఒక అందాల కేంద్రంలో ముఖానికి ఇలాంటి చికిత్స చేయించుకున్న మహిళలకు హెచ్ఐవీ సోకినట్లు అక్కడి ప్రభుత్వ సంస్థే 2024లో నివేదిక ఇచ్చింది. వేడినీళ్ళతో కడిగితే ఈ భయం పోదు. ఏడాది వాడిన సూదుల మొనలు వంగి ఉంటాయి కూడా. అవి గుచ్చవు, చీరతాయి.


రోలర్ రాజు — రాత్రి 9:31

తమ్ముడికి కొత్తది కొంటాను. నాది కూడా మారుస్తాను. ఏడాది అంటే ఎక్కువే.


కొల్లేటి కొంగ — రాత్రి 11:48

పంతంగి టోల్ దగ్గర ఆగిపోయాం. పండుగ రద్దీ, కార్లు ముందుకు కదలడం లేదు. నిద్ర పట్టడం లేదు. పై బెర్తు. గుంతలో పడ్డప్పుడల్లా తల కప్పుకు తగులుతుందేమోనని భయంగా ఉంది. బస్సు దిండు లుంగీ కింద పెట్టినా ఎవరి కొబ్బరినూనె వాసనో వస్తోంది. తీసి కాళ్ళ దగ్గర పడేశాను. తువ్వాలు చుట్ట మాత్రం మెడ కింద బాగుంది.

మంట తగ్గింది. ఇప్పుడు దురద. గోకాలనిపించే దురద కాదు, లోపలెక్కడో చీమలు నడుస్తున్నట్లు.


డాలస్ బాబాయి — రాత్రి 11:57

ఇక్కడ మాకు మధ్యాహ్నం, కాబట్టి మీ ఊళ్ళో అందరూ పడుకున్నా నేను తోడుంటాను. ఆ చీమలు నాకూ నడిచాయి. గోళ్ళు తగలనీయకు. దురద ఉన్నచోట తాకకుండా మెడ వెనుక, చెవి కింద చల్లగా ఏదైనా ఆనించుకో, మనసు అటు మళ్ళుతుంది. చల్లని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి మెడకు పెట్టుకో. తల మీద మాత్రం పెట్టవద్దు, సీసాకు పట్టిన చెమ్మ దిగుతుంది.

నేను మొదటిసారి చేయించుకున్నాక రాత్రంతా నా చేతులను నేనే నమ్మలేదు. పడుకునే ముందు రెండు చేతులకూ పిల్లల చలికాలపు మేజోళ్ళు తొడుక్కున్నాను. మా అమ్మాయి ఫొటో తీసింది.


కొల్లేటి కొంగ — తెల్లవారుజామున 2:50

సూర్యాపేట దగ్గర ధాబా. అందరూ దిగారు. నేనూ దిగి టీ తాగాను. బయట ఒకటే దుమ్ము, పొగమంచు, ఎవరో చలిమంట వేశారు. ఆ చుట్టూ నిలబడాలనిపించింది కానీ బూడిద ఎగురుతోంది, వెనక్కి వచ్చేశాను.

బాబాయిగారి సీసా చిట్కా పనిచేసింది, గంటన్నర నిద్రపోయాను. లేచేసరికి లుంగీ మీద ఆవగింజంత మచ్చలు నాలుగు, లేత గోధుమరంగువి. ఇది పరవాలేదా?


డాలస్ బాబాయి — తెల్లవారుజామున 2:58

పరవాలేదు, రసి ఎండితే ఆ రంగే. గుడ్డ మడత మార్చి శుభ్రమైన వైపు పైకి పెట్టుకో. పచ్చగా చిక్కగా ఉంటే, వాసన వస్తే చెప్పు. పక్కవాళ్ళు దోమల మందు తలవైపు కొట్టకుండా చూసుకో. ఒంటికి రాసే దోమల క్రీము కూడా చేతులకే, నుదుటికి వద్దు.


కొల్లేటి కొంగ — ఉదయం 10:35

ఇల్లు చేరాను, మూడు గంటలు ఆలస్యంగా. అనుకున్నట్లే అమ్మ గుమ్మంలో ఉంది, చేతిలో గిన్నె. తల చూపించాను. ఎర్రగా ఉన్న మాడు చూసి గిన్నె కింద పెట్టి, "ఎవడు కొట్టాడురా" అంది. విషయం చెప్పడానికి అరగంట పట్టింది. డబ్బు ఎంతైందో చెప్పలేదు.

ఎరుపు రాత్రికన్నా తగ్గింది. ముట్టుకుంటే గరుకుగా ఉంది, నుదుటి దగ్గర కొంచెం ఉబ్బినట్లుంది. ఎప్పుడు తల కడుక్కోవాలి?


చర్మం చదువరి — ఉదయం 11:10

మధ్యాహ్నం 2 దాటాక, అంటే 24 గంటలు నిండాక. కాచి చల్లార్చిన నీళ్ళు గోరువెచ్చగా చెంబుతో పోసుకోండి. ఆక్వా చెరువుల మధ్య మీ వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఈ రెండు మూడు రోజులు వాటిని తలకు వాడకపోవడం మేలు. వేళ్ళ మెత్తలతో తడమండి, గోళ్ళతో రుద్దవద్దు. ఘాటులేని పిల్లల షాంపూ కొంచెం చాలు. తువ్వాలుతో అద్దండి, తుడవవద్దు. హెయిర్ డ్రయర్ వద్దు. సాయంత్రానికి మంట లేకపోతే మినాక్సిడిల్ మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఉంటే ఇంకో రోజు ఆగండి, ఒక్క రోజుకు జుట్టు ఊడిపోదు.

నుదుటి ఉబ్బు రెండు రోజుల్లో దిగాలి. ఎరుపు, నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గినవి మళ్ళీ పెరిగినా, చీముపొక్కులు వచ్చినా, చెవుల వెనుక బిళ్ళలు కట్టినా, జ్వరం వచ్చినా నంజు పట్టిందని అనుమానించాలి. పండుగ అని ఆగకుండా డాక్టరుకు చూపించండి.


పాతకాలం మనిషి — ఉదయం 11:30

డాక్టరమ్మా, నూనె విషయంలో నేను ఒప్పుకుంటున్నాను. కానీ ఎల్లుండి భోగి. నువ్వుల నూనెతో తలంటు లేని భోగి ఏమి భోగి?


చర్మం చదువరి — ఉదయం 11:52

తాతగారూ, నేను డాక్టరమ్మను కాదు, డాక్టరబ్బాయిని. పరవాలేదు.

భోగికి మూడో రోజు అవుతుంది. చిల్లులు అప్పటికి మూసుకుంటాయి, పక్కులు మాత్రం ఇంకా ఉంటాయి. చిక్కు నూనెతో కన్నా తలంటే తీరుతో ఎక్కువ. నలుగుపిండి వేసి, కుంకుడు రసం పోసి, పెద్దవాళ్ళు అరచేత్తో మాడు మీద దబదబ చరుస్తారు చూడండి, ఆ చరుపుకు పక్కులన్నీ లేచిపోతాయి. ఒంటికి ఎంతైనా నలుగు పెట్టుకోండి. తలకు మామూలు నీళ్ళు. నూనె వారం తర్వాత, పక్కులు వాటంతటవి రాలిపోయాక. చుండ్రు ఉన్నవారైతే అప్పుడు కూడా రాత్రంతా ఉంచుకోవద్దు, చుండ్రు పెంచే శిలీంధ్రానికి నూనె మంచి తిండి.


ఏడుకొండల దారి — మధ్యాహ్నం 12:20

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేను పది రోజుల క్రితం చేయించుకున్నాను. వచ్చే వారం తిరుమలలో తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంది. ఇవ్వవచ్చా?


మల్లెతీగ — మధ్యాహ్నం 12:41

మొక్కు తీర్చుకోవడానికి ఇబ్బంది ఉండకూడదు, అప్పటికి రెండు వారాలు దాటుతుంది. అద్దంలో చూసుకోండి, ఒక్క పక్కు కూడా ఉండకూడదు. కల్యాణకట్టలో మీ ముందు కొత్త బ్లేడు వేయించుకోండి. గుండు తర్వాత చిన్న చిన్న గాట్లు పడతాయి కదా, అవి మానేదాకా తర్వాతి విడత సూదులు వాయిదా వేయండి. మా అన్నయ్య గుండు మీదే వారంలోపు చేయించుకుని అవస్థ పడ్డాడు. అన్నట్లు, గుండు మీద చందనం రాసుకోవడం బాగుంటుంది కానీ, గాటు పడ్డచోట వద్దు.


నిర్వాహకుడు — మధ్యాహ్నం 1:05

సీరంల పేర్లు, కొనే లంకెలు పెట్టిన మూడు సందేశాలు తొలగించాను. ఒకటి "సూదులు గుచ్చిన రాత్రే రాయాలి" అని చెప్పే ప్రకటన.


కొల్లేటి కొంగ — సాయంత్రం 5:15

క్లినిక్కు నుంచి ఫోను వచ్చింది. సీరం గురించి అడిగితే, "మూడో రోజు నుంచి" అని రాయడం మరిచిపోయారట! అంత తేలికగా చెప్పారు. సువాసన సంగతి అడిగితే "అందరికీ ఇదే ఇస్తాం సార్" అన్నారు. ఆ సీసా వాడను.

తల కడుక్కున్నాను. మొదటి చెంబుకు చురుక్కుమంది, రెండో చెంబుకు లేదు.


కొల్లేటి కొంగ — భోగి నాడు, ఉదయం 8:40

అందరికీ భోగి శుభాకాంక్షలు. మంట దగ్గరికి వెళ్ళాను కానీ గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా నిలబడ్డాను, పొగ అంతా మా బాబాయి మీదికి. తలంటు దగ్గర అమ్మతో ఒప్పందం కుదిరింది. శాస్త్రానికి ఒక నూనె చుక్క చెవి వెనుక పెట్టి, మిగతా గిన్నె నాన్నగారి మాడు మీద బోర్లించింది. ఆయనకు నలభై ఏళ్ళుగా బట్టతల. ఆయన ఏమీ అనలేదు.

పక్కులు సన్నగా రాలుతున్నాయి, బొంబాయి రవ్వలా. నొప్పి లేదు. కోడిపందేలకు రమ్మంటున్నారు, ఎండ, దుమ్ము అని మానుకున్నాను. మానుకోవడానికి అది ఒక్కటే కారణం కాదు లెండి.


బెజవాడ మందులకొట్టు — ఉదయం 9:02

సంతోషం తమ్ముడూ. తిరుగు ప్రయాణం ఎప్పుడు? మళ్ళీ రాత్రి బస్సేనా?


కొల్లేటి కొంగ — ఉదయం 9:10

16 రాత్రి. ఈసారి కింది బెర్తు దొరికింది. నాన్నగారి పాత పంచెతో అమ్మ దిండు గలీబు కుట్టి సంచిలో పెట్టేసింది. దాని కిందే మంకీ క్యాప్ కూడా ఉంది.